కడుపుబ్బరం తగ్గాలంటే ఇంకా ఏం మానేయాలి?

ఖమ్మం నుంచి రాసిన ఒక ఉపాధ్యాయిని ప్రశ్న క్లుప్తంగా ఇది. వయసు 36. రెండేళ్లుగా కడుపుబ్బరం. ఉదయం లేచేసరికి పొట్ట మామూలుగానే ఉంటుంది, బడి వదిలే వేళకు చీర కట్టు ఊపిరాడనివ్వనంత బిగుసుకుపోతుంది. వారానికి రెండు మూడు రోజులు నొప్పి కూడా వస్తుంది, విరేచనం అయ్యాక కాస్త తగ్గుతుంది. మలబద్ధకం ఉంది. ఎండోస్కోపీ, పొట్ట స్కానింగ్, మామూలు రక్తపరీక్షలు చేయించారు, అన్నీ బాగున్నాయన్నారు. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, వంకాయ, బంగాళాదుంప ఒకదాని తర్వాత ఒకటి మానేశారు. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గారు. ఇంట్లో అత్తగారు ‘అన్నీ మనసులోనే ఉన్నాయి’ అంటున్నారట. చివర్లో అడిగారు: ‘ఇంకా ఏం మానేయాలి?’

ఏమీ మానేయకండి. మీరు ఇప్పటికే అవసరానికి మించి మానేశారు. ఉదరకోశ వ్యాధుల విభాగంలో పోషకాహార నిపుణురాలిగా పనిచేస్తూ నేను ఎక్కువగా చూసేది మీలాంటి వారినే. వాళ్ల పట్టికలో మానేసినవి పేజీ నిండా ఉంటాయి, తినేవి రెండు వరుసలు ఉంటాయి, ఉబ్బరం మాత్రం అలాగే ఉంటుంది. ఆహారంతో చేసే చికిత్సలో మానడం కొద్ది వారాల పని. అసలు పని మానినవాటిని ఒక పద్ధతిలో తిరిగి కంచంలోకి తెచ్చుకోవడం. మీకు ఆ రెండో సగం ఎవరూ చెప్పినట్టు లేదు.

దానికి ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఆరు కిలోలు తగ్గడానికి తిండి తగ్గడమే కారణం కావచ్చు, కానీ ఆ మాట నేను ఊహించి చెప్పకూడదు, మీరూ అనుకుని వదిలేయకూడదు. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, మింగడంలో ఇబ్బంది, ఆగని వాంతులు, దగ్గరి రక్తసంబంధీకుల్లో పెద్దపేగు లేదా అండాశయ క్యాన్సర్: వీటిలో ఏది ఉన్నా ముందు వైద్యుడు, తర్వాతే నేను. యాభై దాటిన స్త్రీలలో కొత్తగా మొదలై తగ్గకుండా ఉండే ఉబ్బరాన్ని గ్యాస్ అని తోసేయకూడదు, అండాశయాలను చూడాలి. ఈ జవాబు చదివే మీ అమ్మగారి వయసు వారికి ఇది ముఖ్యం.

మీ పరీక్షల్లో రెండు కనబడలేదు. ఒకటి థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. థైరాయిడ్ మందగిస్తే పేగుల కదలిక కూడా మందగిస్తుంది, మలబద్ధకం, ఉబ్బరం రెండూ వస్తాయి. రెండోది సీలియాక్ జబ్బుకు, అంటే గోధుమలోని గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బుకు, చేసే టీటీజీ రక్తపరీక్ష. గోధుమలు ఎక్కువగా తినే ఉత్తర భారతంతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువే అయినా, గోధుమ మానే ఆలోచన ఉంటే మానకముందే ఈ పరీక్ష చేయించాలి. మానేసిన తర్వాత చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు చూపించవచ్చు. అలాగే వాడుతున్న మందులన్నీ వైద్యుడికి చెప్పండి. ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ చాలామందికి కడుపులో గడబిడ తెస్తుంది.

ఇక ‘అన్నీ నార్మల్’ అన్న మాట. మీరు రాసిన లక్షణాలు ఐబీఎస్ అనే పేగుల సమస్యకు దగ్గరగా ఉన్నాయి. ఇలాంటి సమస్యలను గుర్తించడానికి వైద్యులు వాడే, 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం, గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండి, అది విరేచనంతో ముడిపడి ఉండటం, విరేచనాల సంఖ్య మారడం, మలం గట్టిదనం మారడం అనే మూడింటిలో కనీసం రెండు ఉంటే, లక్షణాలు మొదలై ఆరు నెలలు దాటితే, ఐబీఎస్ అంటారు. ఇది ఎండోస్కోపీలో కనబడదు, ఎందుకంటే పేగు గోడకు పుండు పడలేదు. పేగు కదిలే తీరులోనూ, అక్కడి నుంచి మెదడుకు అందే కబురులోనూ తేడా వచ్చింది. ఇతరులు గమనించనంత గాలి కూడా మీకు నొప్పిగా తెలుస్తుంది. అందుకని అది మీరు కల్పించుకున్న బాధ కాదు. నిర్ధారణ మాత్రం మిమ్మల్ని చూసే వైద్యుడే చేయాలి.

గ్యాస్ మాత్ర గురించి కాస్త కోపంగానే రాస్తాను. మన ఇళ్లలో ఛాతీ మంటా గ్యాసే, త్రేన్పూ గ్యాసే, పొట్ట ఉబ్బరమూ గ్యాసే, ఆఖరికి గుండెపోటు కూడా గ్యాసే. పాంటోప్రజోల్ వంటి మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. పెద్దపేగులో తయారయ్యే గాలికీ వాటికీ సంబంధం లేదు. మీకు ఛాతీ మంట లేదని మీరే రాశారు, అలాంటప్పుడు ఆ మాత్ర దేనికో రాసిచ్చిన వారినే అడగండి. చాలాకాలం వాడిన తర్వాత ఒక్కసారిగా ఆపితే ఆమ్లం తిరగబడి మంట పుడుతుంది కాబట్టి వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించాలి. ఈనో లాంటి పొడులు నీళ్లలో పొంగేదే కార్బన్ డయాక్సైడ్ వాయువుతో. గాలి పోవడానికి గాలి తాగడం నాకు ఎప్పటికీ అర్థం కాని వైద్యం. రక్తపోటు ఉన్నవారికి అందులోని సోడియం అదనపు భారం. అన్నిటికన్నా ముఖ్యం: ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే సోడా కోసం మనిషిని పంపకండి, 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు తిండి. కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగులో సరిగా అరగవు. అవి నీటిని లాక్కుంటూ పెద్దపేగు దాకా వెళతాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తుంది. వీటన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్‌లు అంటారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వీటిని తగ్గించే ఆహార పద్ధతిని రూపొందించారు. ఐబీఎస్‌కు ఆహారంతో చేసే చికిత్సల్లో దీనికే ఎక్కువ ఆధారాలున్నాయి. అయితే అక్కడి పట్టికలు తెచ్చుకుని వంట మొదలుపెడితే మన వాళ్లకు వారం తిరక్కుండానే విసుగు వస్తుంది. మన వంటింట్లో ముఖ్యమైనవి కొన్నే: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, శనగలు, రాజ్మా, ఉలవలు, అలసందలు, పాలు, జీడిపప్పు, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు, మామిడి, పుచ్చ, ఆపిల్, తేనె. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో తీపి కోసం వేసే సార్బిటాల్ కూడా ఈ కోవదే.

మీరు మానేసిన వాటితో దీన్ని పోల్చి చూడండి. గుడ్డులో ఫాడ్‌మ్యాప్‌లు లేవు. వంకాయ, బంగాళాదుంప వాతం చేస్తాయని మనకు బలమైన నమ్మకం, కానీ ఈ లెక్కలో రెండూ తేలికైనవే. బంగాళాదుంప వేపుడు తిన్నాక బరువుగా ఉంటే నూనె వల్ల కావచ్చు, కొవ్వు పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. అంటే మీ కంచంలోంచి నిర్దోషులు వెళ్లిపోయారు. ప్రతి కూరలో, ప్రతి పచ్చడిలో ఉల్లి, వెల్లుల్లి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. వాటిని మానాలని మీకు తోచలేదు, ఎందుకంటే మన దగ్గర వెల్లుల్లి మందు కింద లెక్క.

ఇంకో చిక్కు. ఏది పడలేదో వెతికేటప్పుడు అందరూ చివరగా తిన్నదాన్ని పట్టుకుంటారు. పెద్దపేగులో పులియడం తిన్న కొన్ని గంటల తర్వాత జరుగుతుంది, మలబద్ధకం ఉంటే ఇంకా ఆలస్యం. సాయంత్రం నాలుగింటి ఉబ్బరానికి మధ్యాహ్నం పెరుగన్నం కన్నా ఉదయం తిన్న గోధుమ రవ్వ ఉప్మా, నిన్న రాత్రి శనగల కూర కారణమయ్యే అవకాశం ఎక్కువ.

నా సలహా పైన చెప్పిన ఫాడ్‌మ్యాప్‌లను తగ్గించే నాలుగు వారాల కార్యక్రమం. ఆరు వారాలకు మించకూడదు. ఇందుకు విదేశీ వంటలేమీ అక్కర్లేదు. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండటం మీ అత్తగారికి మీకన్నా నాకన్నా బాగా వచ్చి ఉంటుంది. ఆమెను అడగాల్సింది అదే: ‘నాలుగు వారాలు కార్తీకమాసం వంట చేద్దామా అత్తయ్యా, పప్పులు మాత్రం తగ్గించి.’ మనసులో ఉందన్న రోగానికి ఆమె మందు వేయలేరు. వంటతో తగ్గే రోగానికి ఆమే వైద్యురాలు. ఇంట్లో మాట తీరు మారడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. వీలైతే నిపుణురాలి దగ్గరికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి. కోడలు చెప్తే వంక అయ్యేది, తెల్లకోటు వేసుకున్నవారు చెప్తే నియమం అవుతుంది. అన్యాయమే, కానీ పని జరుగుతుంది.

ఉదయం ఇడ్లీ, కొబ్బరి లేదా వేరుశనగ పచ్చడి. ఇడ్లీలో మినప్పప్పు ఉన్నా నానబెట్టడం, పులియబెట్టడం వల్ల గాలి చేసే చక్కెరలు చాలావరకు తగ్గుతాయి. లేదంటే బియ్యపు రవ్వ ఉప్మా, అల్లం, జీలకర్ర, కరివేపాకు వేసి. మధ్యాహ్నం అన్నం, బీరకాయో వంకాయో బంగాళాదుంపో కూర, వెల్లుల్లి లేని మిరియాల చారు, ఒక గుడ్డు. మాంసాహారులైతే చేప, కోడి ఇబ్బంది పెట్టవు, మసాలాలో నూరిన ఉల్లి, వెల్లుల్లి ఇబ్బంది పెడతాయి. రుచి చప్పబడుతుందని భయపడకండి, ఇంగువ ఉన్నది అందుకే. సీలియాక్ ఉన్నవారు మాత్రం బజారు ఇంగువలో గోధుమ పిండి కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. వెల్లుల్లి వాసన లేనిదే ముద్ద దిగదంటే నూనెలో రెబ్బలు వేయించి, తీసి పారేసి, ఆ నూనెతో తాలింపు పెట్టండి. వెల్లుల్లిలో గాలి పుట్టించే ఫ్రుక్టాన్లు అనే పిండిపదార్థాలు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే చారులో వేసిన వెల్లుల్లిని ఏరి పారేసినా లాభం లేదు. ఉల్లికాడల్లో పచ్చని భాగం వాడుకోవచ్చు. పండ్లలో బొప్పాయి, కమలా, మరీ మగ్గని అరటిపండు, ఒక్కోసారి ఒక్కటి చొప్పున.

పప్పు పూర్తిగా మానొద్దు. ముఖ్యంగా బరువు తగ్గినవారు మానకూడదు. పప్పులలోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ మనిషి చిన్నపేగులో ఉండదు, మీకే కాదు ఎవరికీ ఉండదు. నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే అవి కొంత పోతాయి. మొదట్లో చాయపెసరపప్పు, సొరకాయతో కలిపి పల్చగా, ఒక చిన్న గరిటె. కంది కన్నా ఇది చాలామందికి తేలికగా ఉంటుంది.

పాలు పడకపోవడం దక్షిణాదిలో చాలా మామూలు విషయం. అయినా పాలను అరిగించుకోలేని వారిలో ఎక్కువమంది ఒక విడతలో 12 గ్రాముల దాకా, అంటే దాదాపు ఒక గ్లాసు పాలలో ఉండేంత లాక్టోజ్ అనే పాల చక్కెరను పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారని అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి ఒక కప్పు టీలో పోసే పాలు నేరస్థులు కావడం అరుదు. స్టాఫ్‌రూమ్‌లో రోజుకు ఆరు టీలు తాగితే అది వేరే సంగతి.

ఈ మధ్య అందరూ సిరిధాన్యాల మీద పడ్డారు. కొర్రలు, అరికెలు మంచివే. కానీ పాలిష్ బియ్యం తిన్న కడుపుకు ఒక్క రాత్రిలో పీచు రెట్టింపు చేస్తే అది మొరాయిస్తుంది. పచ్చి మొలకలు, పరగడుపున తేనె నీళ్లు, ఆకుకూరల రసాలు కూడా అంతే. వీడియోలు చూసి ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టి, ఉబ్బరం పెరిగి నా దగ్గరికి వచ్చేవారికి కొదవ లేదు. మలబద్ధకానికి గోధుమ తవుడు కన్నా ఇసబ్‌గోల్ నయం, ఎందుకంటే దాని పీచు నీటిని పట్టుకుంటుంది, మెల్లగా పులుస్తుంది. అర చెంచాతో మొదలుపెట్టి వారానికొకసారి పెంచండి, నిండు గ్లాసు నీళ్లతో.

మలబద్ధకం గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది అదే. నిలిచిన మలం వెనక గాలి కదలదు. అది తీరకుండా ఎన్ని కూరలు మార్చినా ఫలితం సగమే. ఉదయం టిఫిన్ తిన్నాక పెద్దపేగు సహజంగా కదులుతుంది. సరిగ్గా ఆ వేళకే మీరు బస్సులో ఉంటారు, తర్వాత బడిలో శుభ్రమైన మరుగుదొడ్డి లేదని సాయంత్రం దాకా ఆపుకుంటారు, నీళ్లు కూడా తాగరు. ఉపాధ్యాయినులు, బస్సు కండక్టర్లు, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు నాకు చెప్పే కథ ఇదే. ఇది ఆహార సమస్య కాదు, మరుగుదొడ్డి సమస్య. అరగంట ముందు లేచి, టిఫిన్ తిని, పది నిమిషాలు తొందర లేకుండా కూర్చోండి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకోండి, మోకాళ్లు నడుము కన్నా ఎత్తుకు రావాలి. ఎంత ముక్కినా కిందికి రానట్టు, పూర్తిగా అవనట్టు ఉంటే కటి కండరాలు వదులు కావాల్సిన సమయంలో బిగుసుకుంటున్నాయేమో చూడాలి. దానికి కండరాల కదలికను పరికరంలో చూపిస్తూ వాటిని వదులు చేయడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ ఉంది, మందులకన్నా బాగా పనిచేస్తుంది.

పొట్ట కొలతలో తేడా స్పష్టంగా కనిపించేవారికి ఇంకో విషయం. కడుపులో గాలి చేరినప్పుడు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం, డయాఫ్రం, మామూలుగా పైకి జరుగుతుంది, పొట్ట ముందరి కండరాలు బిగుస్తాయి, బయటికి ఏమీ తెలియదు. కొందరిలో ఇది తలకిందులుగా జరుగుతుంది: డయాఫ్రం కిందికి దిగుతుంది, పొట్ట కండరాలు వదులవుతాయి, ఉన్న కొద్దిపాటి గాలికే పొట్ట ముందుకు వస్తుంది. స్పెయిన్‌లోని బార్సెలోనా పరిశోధకులు స్కానింగ్‌లతో దీన్ని చూపించారు, శిక్షణతో సరిదిద్దవచ్చని కూడా చూపించారు. ఇంట్లో చేయగలిగింది పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం. ఒక చేయి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకుని, ఛాతీ కదలకుండా, వదిలే శ్వాస తీసుకునేదానికన్నా పొడవుగా ఉండేలా, భోజనం తర్వాత ఐదు నిమిషాలు. ఆపైన పది నిమిషాల నడక. వాము నీళ్లు హాయినిస్తే తాగండి, నాకు అభ్యంతరం లేదు.

నాలుగు వారాల్లో తేడా కనబడకపోతే ఈ పథ్యం మీకు కాదు, ఆపేయండి. సాగదీసి లాభం లేదు. ఎక్కువకాలం కొనసాగిస్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు ఆహారం తగ్గిపోతుంది. తేడా ఉంటే అసలు పని మొదలవుతుంది. ఒక్కో రకాన్ని మూడు రోజులు పరీక్షించండి. ఉల్లి అయితే మొదటి రోజు ఒక చెంచా తరుగు, రెండో రోజు రెండు చెంచాలు, మూడో రోజు అర ఉల్లిపాయ. తర్వాత రెండు మూడు రోజులు మళ్లీ పాత వంట, ఆ తర్వాత కందిపప్పు, ఆ తర్వాత పాలు, గోధుమ. ఒక నోటుపుస్తకంలో తిన్న వేళ, విరేచనం, నొప్పి, నిద్ర, నెలసరి రోజు రాయండి. నెలసరి ముందు వారంలో ఉబ్బరం చాలామందికి పెరుగుతుంది, ఆ వారం చేసిన పరీక్షను నమ్మకండి. చాలామందికి చివరికి తేలేది ఒకటి రెండు రకాలే, అవి కూడా పూర్తిగా మానే పని లేకుండా, ఎంతవరకు పడుతుందో ఆ మోతాదు. గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, తిండి అంటేనే భయం పట్టుకున్నవారు ఇది సొంతంగా చేయకూడదు. మీరు కూడా బరువు తగ్గారు కాబట్టి ఒక అర్హత ఉన్న డైటీషియన్ పర్యవేక్షణలోనే చేయండి. పేరు పక్కన ఆర్‌డీ అని ఉందేమో చూడండి, అది భారత డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష నెగ్గినవారికి ఇచ్చే గుర్తింపు. డబ్బాల్లో పొడులు అమ్మేవారికి ఆ గుర్తింపు ఉండదు.

మనసు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. అత్తగారు అన్నదానిలో నిజం రవ్వంత ఉంది, ఆవిడ అనుకున్న అర్థంలో కాదు. పేగుకీ మెదడుకీ మధ్య రెండువైపులా రాకపోకలుంటాయి. ఆందోళన పేగును కుదుపుతుంది, పేగు బాధ ఆందోళనను పెంచుతుంది. 1984లోనే ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వైద్యులు హిప్నోథెరపీతో తీవ్రమైన ఐబీఎస్ తగ్గుతుందని చూపించారు. 2023లో వెలువడిన, ఇంగ్లండ్‌లోనే 463 మందిపై జరిగిన అట్లాంటిస్ అధ్యయనంలో, కుంగుబాటుకు వాడే అమిట్రిప్టిలిన్‌ను చాలా తక్కువ మోతాదులో ఇస్తే ఐబీఎస్ లక్షణాలు తగ్గాయి. మీ వైద్యుడు ఇలాంటి మందు రాస్తే మందుల దుకాణంలో ఎవరో ‘ఇది డిప్రెషన్ మాత్ర’ అన్నారని తెచ్చి పక్కన పడేయకండి. ఆ మోతాదులో అది పేగు నుంచి వెళ్లే నొప్పి కబురును తగ్గిస్తుంది. అయితే ఈ మందు మలబద్ధకం పెంచగలదు, మీకు అది ఉందని తప్పక చెప్పండి, వేరే మందు ఎంచుకోవచ్చు. పెళ్లి భోజనాలకు వెళ్లడం మానేశానని, బంధువుల ప్రశ్నలు తట్టుకోలేకపోతున్నానని రాశారు. ఆ ఒంటరితనానికి కూడా చికిత్స కావాలి. మాట్లాడటానికి ఎవరూ లేరనిపించిన రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

పెళ్లికి వెళ్లండి. ఇంట్లో కొంచెం ఇడ్లీ తిని వెళ్లి, విస్తరిలో అన్నం, వేపుడు, చారు, మజ్జిగ పెట్టించుకోండి. ‘ఏం తినడం లేదేం?’ అన్న పిన్నికి ‘డాక్టరు నెల రోజులు పథ్యం పెట్టారు పిన్నీ’ అంటే చాలు. మనవాళ్లు పథ్యాన్ని గౌరవిస్తారు, జబ్బు వివరాలు చెబితేనే సలహాలు మొదలుపెడతారు.

రాత్రి పూట పెరుగు తినవచ్చా అని కూడా అడిగారు. తినవచ్చు. తోడుకున్న పెరుగులో పాలకన్నా లాక్టోజ్ తక్కువ. మొదటి వారం అర కప్పు పెరుగును పల్చటి మజ్జిగ చేసి, అల్లం, కరివేపాకు వేసి అన్నంలో కలుపుకోండి. రెండో వారం గడ్డ పెరుగే వేసుకోండి. నిద్రకు రెండు మూడు గంటల ముందు భోజనం ముగించండి.